ముందు చక్రమునకు నొక టైరు, వెనుక చక్రమునకు వేఱొకటి

మన యూళ్లలో సైకిలు వెనుక టైరు అరిగిపోయినప్పుడు చాలమంది చేయు పని యొకటి కలదు. ముందు చక్రముననున్న మంచి టైరును విప్పించి వెనుకకు వేయింతురు; అరిగిన దానిని ముందునకు మార్పింతురు. “ముందు చక్రముమీద బరువేమున్నది? బరువంతయు వెనుకనే గదా!” యని వారి వాదము. మేమును బాల్యమునందు ఈ వాదమును విని నమ్మినవారమే. మెల్లగా బడికి వచ్చిపోవు సైకిలునకు దీనివలన వెంటనే హాని కనబడకపోవచ్చును. కాని మేము ఈ యలవాటును మాతోకూడ సముద్రములు దాటించి కొనిపోయి, ఉద్యోగరీత్యా నివసించుచున్న కాలిఫోర్నియాలోని కొండబాటలపై ప్రయోగించి చూచితిమి. భుజమునకును మెడకును నడుమనుండు నెముక విఱిగెను. ఆఱు వారములు ఎడమచేతిని మెడకు వ్రేలాడగట్టుకొని తిరిగితిమి. ఆ యాఱు వారములలో చదువుటకును ఆలోచించుటకును తీఱిక దొరకినది. సంపాదకులు విజ్ఞానవిషయమున నొక వ్యాసము పంపుమని కోరగా, ఆ తీఱికలో నేర్చుకొన్న దానినే యిచ్చట వ్రాయుచున్నాము.

కొండబాటలపై నడుపుటకై నిర్మించిన సైకిలును మౌంటెన్ బైకు అందురు. అందును ఎక్కుటకును దిగుటకును సమానముగా పనికివచ్చు మధ్యరకమును ట్రెయిల్ బైకు అని పిలుతురు. అట్టి సైకిలునకు ముందు నెట్టి టైరు, వెనుక నెట్టి టైరు ఉండవలయునన్నదే మన విచారణ. మీలో ననేకులకు అట్టి సైకిలు లేదని యెఱుగుదుము. ఉన్నవారికి ఇది యక్కఱకు వచ్చును. లేనివారు దీనిని భౌతికశాస్త్రములోని ఘర్షణ పాఠమునకు అనుబంధముగా చదువుకొనవచ్చును. రెండు చక్రములు గల ప్రతి వాహనమునకును ఇందలి ముఖ్యసూత్రము వర్తించును.

మొదట ఈ సైకిలు పుట్టుక. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునుండి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరమునకు పోయినచో మారిన్ అను జిల్లా వచ్చును. అందు టామల్పాయిస్ అను కొండయు, దానికి దాపున ఫేర్‌ఫాక్స్ అను చిన్న యూరును గలవు. 1970వ దశాబ్దమున అచ్చటి యువకులు కొందఱు పాత ష్విన్ సైకిళ్లను చవుకగా సంపాదించి, కొండపైకి చేర్చి, మట్టిబాటల వెంబడి క్రిందికి పందెములు వేసికొని దిగుచుండిరి. పాత సైకిళ్లనే యేల కోరిరనగా, వానికి బెలూను టైర్లుండెను. చికాగోలోని ష్విన్ కంపెనీవారు 1933లో ప్రవేశపెట్టిన ఈ టైరు రెండంగుళములకు మించిన వెడల్పు గలది. లోపల గాలి యెక్కువ, ఒత్తిడి తక్కువ. రాళ్లమీద ఎగిరిపడక అణగి మణగి పోవు గుణము దానికి గలదు. 1976 అక్టోబరు 21వ తేదీన ఫేర్‌ఫాక్స్ దాపున జరిగిన పందెమునకు రీప్యాక్ అని పేరు. సుమారు రెండు మైళ్ల బాటలో 1300 అడుగుల దిగుడు. పెడలును వెనుకకు త్రొక్కిన పడు బ్రేకే వారికి ఆధారము. దిగునప్పటికి ఇరుసులోని గ్రీజంతయు కాగి పొగయై పోయెడిది. ప్రతిసారియు ఇరుసు విప్పి గ్రీజు మరల కూరవలసి వచ్చుచుండుటచేత ఆ బాటకే ‘మరల కూరుట’ యను నర్థముగల పేరు స్థిరపడినది. 1977లో జో బ్రీజ్ అను నాతడు ఇట్టి బాటలకై ప్రత్యేకముగా సైకిలును నిర్మించెను. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారి స్టంప్‌జంపర్ అంగళ్లకు వచ్చినది. అటుపిమ్మట లోకమంతటను వ్యాపించినది.

ఆ దినములలో ముందు వెనుకల టైర్లు రెండును ఒకే రకము. 1990వ దశాబ్దపు తొలి సంవత్సరములలో జపాను దేశపు పానరేసర్ కంపెనీవారు డార్ట్, స్మోక్ అను జంటను అమ్మిరి. డార్టు ముందునకు, స్మోకు వెనుకకు. రెండింటి బొడిపెల తీరు చూచినవారికి ఇవి వేర్వేఱు పనులకు పుట్టినవని తోచకమానదు. ముందుదానిలో బొడిపెలు బాణపు మొనలవలె నిలువుగా పేర్చబడినవి. వెనుకదానిలో అడ్డముగా, పడవ తెడ్లవలె పేర్చబడినవి. ఈ భేదమునకు కారణమేమి?

అరచేతిపై కఱ్ఱను నిలువుగా నిలుపు ఆట మీరందఱును ఆడియుందురు. కఱ్ఱ కుడివైపునకు వ్రాలినచో చేతిని కుడివైపునకే జరుపుదురు. కఱ్ఱ మొదలు మరల దాని బరువు క్రిందికి వచ్చును, కఱ్ఱ నిలుచును. సైకిలు త్రొక్కువాడు ఎఱుగకయే యిదే పని చేయుచుండును. దేహము కుడికి ఒఱిగినచో హేండిలు కొంచెము కుడికి తిరుగును. చక్రములు దేహము క్రిందికి వచ్చి చేరును. నిమిషమునకు ఎన్నిమార్లు ఈ సవరణ జరుగునో లెక్కపెట్టలేము. ఇక్కడ అరచేయి యనదగినది ముందు చక్రము. అది నేలను పట్టుకొనియున్నంతవఱకే హేండిలు త్రిప్పుటకు అర్థము గలదు. వంపులో ముందు టైరు పట్టు విడిచి జాఱెనా, హేండిలు నెటు త్రిప్పినను ఫలము లేదు. అరచేయి తీసివేసిన కఱ్ఱవలె మనిషి నేలగూలును. సవరించుకొనుటకు వ్యవధి యుండదు.

వెనుక చక్రము సంగతి వేఱు. అది జాఱినప్పుడు సైకిలు తోక ప్రక్కకు పోవును. కాని అరచేయి యింకను మనయధీనముననే యున్నది. తోక యే ప్రక్కకు పోయిన హేండిలును ఆ ప్రక్కకే కొంచెము త్రిప్పి నిలద్రొక్కుకొనవచ్చును. పాఠశాల మైదానమున వెనుక బ్రేకు బిగబట్టి, చక్రమును ఈడ్చి, నేలపై వంకర గీతలు గీసి దుమ్ము లేపుట మీలో కొందఱికి వినోదమని మాకు తెలియును, మేమును చేసినవారమే. అదే వినోదమును ముందు చక్రముతో చేయువాని నెన్నడైన చూచితిరా? కొండ యెక్కునప్పుడును ఇంతే. వెనుక టైరు పట్టులేక గిఱ్ఱున తిరిగినచో కాలు క్రింద మోపి దిగుదుము; తోడివారు నవ్వుదురు. ముందు టైరు చేసిన తప్పునకు మాత్రము చర్మము చెల్లింపవలసియుండును.

“బరువంతయు వెనుకనే” యను వాదమును గూడ లెక్కకట్టి చూతము. సమతలముమీద జీనుపై కూర్చున్నప్పుడు నూటికి సుమారు 40 వంతులు ముందు చక్రముమీద, 60 వంతులు వెనుక చక్రముమీద నుండును. ఇంతవఱకు ఆ వాదము నిజమే. కాని బ్రేకు పట్టినప్పుడు ఏమగును? మనిషియు సైకిలును కలిసిన భారకేంద్రము నేలనుండి 1.1 మీటరు ఎత్తుననున్నదనియు, రెండు ఇరుసుల నడుమ దూరము 1.2 మీటరనియు, బ్రేకువలన కలుగు వేగక్షయము గురుత్వత్వరణములో సగమనియు అనుకొందము. అప్పుడు వెనుకనుండి ముందునకు మాఱు భారము మొత్తములో 0.5 × 1.1 ÷ 1.2, అనగా నూటికి 46 వంతులు. 40కి 46 చేర్చిన 86. మనిషి బరువును వెనుకకు జరుపుకొన్నచో ఇది కొంత తగ్గును. కొండవాలు దిగుచున్నచో మరల పెరుగును. ఏదియెట్లున్నను ఆపద వచ్చు క్షణమున భారమంతయు దాదాపుగా ముందు టైరుమీదనే నిలుచును. తీరికగా పోవునప్పుడు వెనుకది పనిచేయును. ప్రాణమునకు వచ్చినప్పుడు ముందుది పనిచేయును.

వెనుకదానికి పని లేదని మా యభిప్రాయము కాదు. పెడలు బలమంతయు దానిద్వారానే నేలకు చేరును. ఎక్కువ కాలము ఎక్కువ బరువు మోయునదియు అదే. టైరు దొర్లునప్పుడు రబ్బరు అణగి మరల లేచుటలో కొంత శక్తి వేడిమియై వ్యర్థమగును. బరువు హెచ్చినకొలది ఈ నష్టమును హెచ్చును. కావున వెనుక టైరు బరువుగా దొర్లునదైనచో త్రొక్కువానికి ఆయాసము మిక్కుటము. అదియుగాక, రాతిని ముందు చక్రము ఎక్కించుటకు మనము చేతులతో హేండిలును లేపి సాయపడుదుము. వెనుక చక్రమునకు అట్టి సాయము తక్కువ, అది రాతిని గుద్దుకొనియే ఎక్కును. ఈడ్పులు, గుద్దులు, పెడలు బలము — మూడింటివలనను వెనుక టైరు త్వరగా అరుగును. ముందుది ఒకటి అరుగులోపల వెనుకవి రెండు అరుగుట సామాన్యము.

ఇంతవఱకు చెప్పినదానినుండి సూత్రము దానంతటదియే తేలుచున్నది. ముందు టైరును పట్టుకొఱకు ఎన్నుకొనవలెను. వెనుక టైరును దొర్లుటకొఱకును మన్నికకొఱకును ఎన్నుకొనవలెను. ఇక అంగడిలో టైరును చేతబట్టినప్పుడు పట్టు నెట్లు కనుగొందుము?

అన్నిటికంటె మొదట రబ్బరు. చార్లెస్ గుడ్‌యియర్ 1839లో రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచుట కనిపెట్టినది మొదలు, ఎంత మెత్తగా నుంచవలె నెంత గట్టిపఱుపవలె నన్నదే టైర్లు చేయువారి నిత్యసమస్య. మెత్తని రబ్బరు రాతి గఱకుదనములోనికి దిగబడి పట్టుకొనును. కాని త్వరగా అరుగును, బరువుగా దొర్లును. గట్టి రబ్బరు చిరకాలము మన్నును, తేలికగా దొర్లును. కాని తడిరాతిమీదను చెట్టువేళ్లమీదను సబ్బుబిళ్లవలె జాఱును. కాఠిన్యమును షోర్ అను కొలమానముతో కొలుతురు. మీరు పెన్సిలు గీతలు తుడుచు రబ్బరుముక్క కాఠిన్యము సుమారు 40. దిగుడు పందెములకు వాడు మిక్కిలి మెత్తని టైరు 42 ప్రాంతము. బాగుగా మన్ను గట్టి టైరు 60 ప్రాంతము. ఒకే టైరులో అడుగున గట్టిదియు పైన మెత్తనిదియు అంచులయందు మఱింత మెత్తనిదియు నగు మూడు రబ్బర్లను కలిపి పోతపోయు విధము కూడ వచ్చినది. జర్మనీలోని ష్వాల్బె కంపెనీవారు 2017లో నాలుగు మెత్తదనములను నాలుగు రంగుల గీతలతో తెలిపిరి: ఊదా మిక్కిలి మెత్తనిది, నారింజ మెత్తనిది, నీలము మధ్యరకము, ఎఱుపు వేగమునకు. ఇట్టి గుర్తు లేనిచోట బొటనవ్రేలి గోరుతో బొడిపెను నొక్కి చూడుడు. గోరు దిగి గుంట నెమ్మదిగా పూడుచున్నచో అది ముందు చక్రమునకు తగినది. గోరు దిగుట కష్టమై, దిగిన గుంట వెంటనే మాయమైనచో వెనుకకు తగినది. ఇది శాస్త్రీయమైన కొలత కాదు గాని అంగడిలో నిలిచినవానికి చాలును.

పిమ్మట బొడిపెలు. టైరు నడిమి వరుసలు తిన్నగా పోవునప్పుడును బ్రేకు పట్టినప్పుడును నేలను తాకును; అంచువరుసలు వంపులో ఒఱిగినప్పుడు మాత్రమే తాకును. ముందు టైరునకు అంచుబొడిపెలు ఎత్తుగను, దట్టముగను, మొదట వెడల్పుగను ఉండవలెను. ప్రక్కకు వంచి చూచినచో సులభముగా వంగిపోవు బొడిపె వంపులో మోసగించును. వెనుక టైరునకు నడిమి బొడిపెలు పొట్టిగా, ముందువైపు వాలుగా చెక్కినట్లుండిన తేలికగా దొర్లును. వెనుకవైపు నిలువుగా నున్నచో బ్రేకు పట్టినప్పుడు మట్టిని త్రవ్వి ఆపును. టైరు ప్రక్కన ముద్రించిన బాణపు గుర్తు ఇందుకే. దానిని తిరుగవేసినచో వాలు వెనుకకును నిలువు ముందునకును పోయి రెండు విధములను చెడును.

మ్యాగ్జిస్ కంపెనీవారి మినియన్ అను ప్రసిద్ధమైన టైరులో డి.హెచ్.ఎఫ్., డి.హెచ్.ఆర్. అని రెండు రకములు గలవు. కడపటి యక్షరములు ముందు, వెనుక యను నింగ్లీషు మాటలకు సంకేతములు. ముందుదానిలో నడిమి బొడిపెలకును అంచుబొడిపెలకును నడుమ కాలువవంటి ఖాళీ గలదు. వంపులో ధైర్యముగా ఒఱిగినవానికి అంచు గట్టిగా పట్టును. వెఱచుచు సగము మాత్రమే ఒఱుగువాడు ఆ కాలువపైననే యుండిపోవును. వానికి టైరు తేలిపోవుచున్నట్లు తోచును. క్రొత్తగా నేర్చుకొనువారికి కాలువ లేక, నడుమ నుండి అంచువఱకు బొడిపెలు క్రమముగా పరచుకొన్న టైరే మేలని మా యభిప్రాయము. ‘వెనుక’దని పేరుగల డి.హెచ్.ఆర్. రెండవ రకమును ముందునకును వేసికొని సుఖముగా తిరుగువారు పెక్కురు. పేరు శాసనము కాదు, పని చూడవలెను. ష్వాల్బెవారి మ్యాజిక్ మేరీ ముందునకు, హాన్స్ డాంఫ్ వెనుకకు. స్పెషలైజ్డ్‌వారి బుచ్చర్ ముందునకు, పర్గెటరీ వెనుకకు — ఇట్టి జంటలు పెక్కు గలవు. అన్నిటియందును ముందుది మొనదేలినది, వెనుకది కొంచెము నునుపైనది.

వెడల్పునుగూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. ముందు 2.4 లేక 2.5 అంగుళములు, వెనుక 2.3 లేక 2.4 అంగుళములు, వెనుకది ముందుదానికంటె వెడల్పుగా నుండరాదు. టైరు లోపలి నూలుపొర విషయమున మాత్రము ఈ క్రమము తలక్రిందులు. రాళ్లను గుద్దుకొనునది వెనుకదియే గనుక మందమైన గట్టిపొర వెనుకకు కావలెను. ముందునకు పలుచనిదైనను సాగును.

ఇప్పుడు మా యెముక విఱిగిన కథ. కాలిఫోర్నియాలో మే నెల మొదలు అక్టోబరు వఱకు వాన అరుదు. కొండబాట ఎండి గచ్చువలె గట్టిపడును. దానిపైన చిన్న గులకలు, మెత్తని దుమ్ము పేరుకొనును. గచ్చుమీద జొన్నలు చల్లి, దానిపై పరుగెత్తుమన్నచో ఎట్లుండునో అట్లుండును. ఇట్టి నేలపై బొడిపె గులకలను త్రోసికొని అడుగుననున్న గట్టినేలను అందుకొనవలెను. అందుకొన్న పిమ్మట రబ్బరు దానికి అంటుకొనవలెను. మా వెనుక టైరు ఆ వేసవినాటికి అరిగి నడిమి బొడిపెలు పయోధరములోని నీటిబుడగలవలె మాయమగుచుండెను. క్రొత్త టైరు వెల చూచి, మన యూరి యుపాయము జ్ఞప్తికి వచ్చి, ముందుదానిని వెనుకకు, వెనుకదానిని ముందునకు స్వహస్తములతో మార్చితిమి. పది నిమిషముల పని. చేసినందుకు కొంత గర్వపడితిమి గూడ.

మఱునాటి ఉదయమున నిత్యము పోవు బాటనే పోయితిమి. ఎక్కుటలో వెనుక టైరు మునుపటికంటె చక్కగా పట్టినది. మా తెలివికి మేమే మెచ్చుకొంటిమి. దిగుటలో మూడవ వంపువద్ద, వందసార్లు త్రిప్పిన తీరుననే హేండిలు త్రిప్పితిమి. వేగ మధికము కాదు. పరుగెత్తు బాలుడు మమ్ము దాటిపోగలడు. ముందు చక్రము వంపులోనికి తిరిగినది, సైకిలు మాత్రము తిన్నగా పోయినది. భయపడుటకు గూడ వ్యవధి లేకపోయెను. భుజము నేల తాకిన చప్పుడు మాత్రము విన్నాము. లేచి చూచునప్పటికి నేలపై ముందు చక్రము జాఱిన గీత జానెడు వెడల్పున నున్నది. అందులో బొడిపె గ్రుచ్చుకొన్న గుర్తు ఒక్కటియు లేదు. ఆ గీతయే మాకు పాఠము చెప్పినది. టైరు వెల మిగుల్చుకొనుటకు పోయి వైద్యునకు దానికి ఎన్నో రెట్లు చెల్లించితిమి.

నేలనుబట్టి మార్పులు గలవు. శీతకాలమున వానలు పడగా అచ్చటి బంకమన్ను బొడిపెల నడుమ నిండి టైరును గుండ్రని మట్టిముద్దగా చేయును. వాన వెలిసిన పిమ్మట నల్లరేగడి చేలగట్లపై సైకిలు నడిపినవారికి దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు. మడ్గార్డుక్రింద మన్ను బిగిసి చక్రము కదలక సైకిలును భుజమున మోసినవారు మనలో నెందఱో కలరు. అట్టి నేలకు బొడిపెలు ఎత్తుగను దూరదూరముగను ఉండిన, చక్రము తిరుగుచుండగా మన్ను తనంతట రాలిపోవును. తడిసిన చెట్టువేళ్లు, నున్నని రాళ్లు గల చోట్ల బొడిపెల తీరుకంటె రబ్బరు మెత్తదనమే ప్రధానము. వెనుక టైరును మాత్రము మేము ఋతువునుబట్టి మార్చము, ముందుదానిని మార్చుదుము.

కొనుటకు ముందు కొలతను చదువ నేర్వవలెను. ప్రక్కన 61-622 అని యున్నచో 61 మిల్లీమీటర్ల వెడల్పు, 622 మిల్లీమీటర్ల రిమ్ము వ్యాసము. దీనినే 29 అంగుళముల టైరందురు. 27.5 అంగుళములది 584. పాతకాలపు 26 అంగుళముల మౌంటెన్ బైకునకు 559. మన దేశపు పెద్ద సైకిలు 28 × 1½ టైరునకు 635. అంగుళముల లెక్కను నమ్మరాదు. 26 × 1⅜ అను టైరు 590 రిమ్మునకు పట్టును, 26 × 2.1 అనునది 559 రిమ్మునకు పట్టును. రెండును 26 అంగుళములవే యైనను ఒకదానిచోట ఒకటి యెక్కదు. 28 అంగుళములని పిలువబడు మన పెద్ద చక్రపు రిమ్ము, 29 అంగుళములని పిలువబడు కొండ సైకిలు రిమ్ముకంటె 13 మిల్లీమీటర్లు పెద్దదన్నచో మీరు నవ్వుదురేమో, నిజమదే. కొన్ని సైకిళ్లకు ముందు 29, వెనుక 27.5 అంగుళముల చక్రములుండును గనుక రెండు టైర్లను వేర్వేఱుగా చదివి చూడవలెను.

ఎంత మంచి టైరైనను గాలి సరిగా లేనిచో వ్యర్థము. మన సైకిలు షాపువాడు బొటనవ్రేలితో నొక్కి, రాయివలె గట్టిపడువఱకు గాలికొట్టును. తారురోడ్డుకు అది సరియే. కొండబాటమీద గట్టి టైరు ప్రతి గులకమీదను ఎగిరిపడును. ఎగిరినంతసేపు నేలతో దానికి సంబంధము లేదు. ట్యూబు లేని 2.4 అంగుళముల టైర్లతో 70 కిలోల మనిషి ముందు 21, వెనుక 24 పౌనుల ఒత్తిడితో ప్రారంభించి, ఒక్కొక్క పౌను చొప్పున సవరించుకొనవలెను. వెనుక బరువు హెచ్చుగనుక గాలియు హెచ్చు. ఇంత తక్కువ గాలితో ట్యూబు వేసినచో రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. చూచుటకు అచ్చముగా పాము కఱచినట్లుండును, ఇంగ్లీషువారును దానిని పాముకాటనియే పిలుతురు. 1999లో ఫ్రాన్సుదేశపు మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ కంపెనీలవారు ట్యూబులేని టైరు పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట ఈ బాధ చాలవఱకు తగ్గినది. ఇప్పుడు టైరులోపల రబ్బరుపాలవంటి ద్రవమును పోయుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ద్రవము బయటికి చిమ్మి గడ్డకట్టి రంధ్రమును తానే పూడ్చును. కొన్ని నెలలకు అది యెండిపోవును, మరల పోయవలెను. మఱచినవానికి ముల్లు గుర్తుచేయును.

ఇక వెనుక టైరు అరిగినప్పుడు ఏమి చేయవలెను? సైకిలు మరమ్మతునుగూర్చి అమెరికాలో విస్తారముగా వ్రాసిన షెల్డన్ బ్రౌన్ (1944–2008) ఈ మార్పిడి యలవాటును గట్టిగా ఖండించెను. ఆయన చెప్పిన విధమిది: వెనుకది అరిగినచో దానిని పాఱవేయుము, ముందుదానిని వెనుకకు తెమ్ము, క్రొత్తదానిని ముందునకు వేయుము. ఇట్లు చేసినచో ఉన్నంతలో శ్రేష్ఠమైన టైరు ఎల్లప్పుడును ముందుననే యుండును. కొనవలసిన టైరును ఒక్కటియే. మేము చేసినదానికిని దీనికిని ఖర్చులో భేదము ఒక టైరు వెల మాత్రమే. కొండ సైకిలునకు మెత్తని ముందు టైరును వెనుకకు తెచ్చినచో కొంత బరువుగా దొర్లుననుట నిజము. దానిని మేము ఓర్చుకొందుము. రెండు క్రొత్తవి కొనుటకు శక్తిలేనివాడు ముందుదానిని కొని, వెనుక నున్నదానితో మఱి కొంతకాలము నెమ్మదిగా నడుపుట మేలు. ముందు టైరును బొడిపెల యెత్తు చూచి మాత్రమే విడువరాదు. అంచుబొడిపెల మొదట చీలికలు కనబడినచో, నడుము బాగుగనే యున్నను దాని కాలము తీఱినట్లే.

ప్రస్తుతము మా సైకిలునకు ముందు 2.5 అంగుళముల మెత్తని టైరు, వెనుక 2.4 అంగుళముల గట్టి టైరు గలవు. మమ్ము పడవేసిన యా యరిగిన టైరును పాఱవేయుటకు మనసొప్పక కొన్నాళ్లు గోడకు వ్రేలాడదీసితిమి. మొన్న మా చిన్నవాడు దానిని దింపుకొని, మన యూళ్లలో పిల్లలు చేయునట్లు కఱ్ఱతో కొట్టి దొర్లించుకొనుచు వీధి చివరవఱకు పరుగెత్తెను. తేలికగానే దొర్లినది.